టెంట్ దగ్గర బండి, సామాను వదిలి వెళ్లాలంటే భయం. మీరెలా చూసుకుంటున్నారు?

ఒంటరిచక్రం — శుక్రవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటిసారి ఒక్కణ్ణే బండి మీద పది రోజులు వెళ్తున్నాను. రాత్రిళ్లు టెంట్‌లోనే పడుకోవాలని ప్లాన్. రూటు, బండి సర్వీసు, వాన... వీటి గురించి నాకు పెద్దగా దిగులు లేదు. నా దిగులంతా దొంగతనం గురించే.

పోయిన నెల రెండు రోజుల ట్రయల్ వెళ్లొచ్చాను. టెంట్ వేసిన చోటు నుంచి నాలుగు కిలోమీటర్లు నడిస్తే జలపాతం. దాన్ని చూద్దామనే అక్కడిదాకా వెళ్లాను. బయల్దేరి అరగంట నడిచాక కాళ్లు ముందుకు పడలేదు. బండి అక్కడ, బ్యాగులు అక్కడ, నేను ఇక్కడ. వెనక్కి వచ్చేశాను. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. జలపాతం మాత్రం చూడలేదు. ఆ రాత్రి చిన్న చప్పుడైనా లేచి జిప్ తీసి బండి వైపు చూడటమే సరిపోయింది.

నా దగ్గర రెండు సాడిల్ బ్యాగులు (సీటుకు రెండు పక్కలా వేలాడేవి; గుడ్డవి, పెట్టెలు కావు), వెనక సీటు మీద కట్టే ఒక పెద్ద బ్యాగు, ఒక ట్యాంక్ బ్యాగు ఉన్నాయి. బండికి హ్యాండిల్ లాక్ తప్ప ఇంకేం లేదు. రెండు మూడు గంటలు వదిలి వెళ్లాలంటే ఏం చేస్తారు? రాత్రి ఏం చేస్తారు? గొలుసు కొనాలా? కొంటే ఎంత లావుది?


మట్టిదారి — శుక్రవారం, రాత్రి 10:15

మొదటి ట్రిప్పుల్లో ఈ భయం అందరికీ ఉంటుంది తమ్ముడూ. పదకొండేళ్లుగా టెంట్ కట్టుకుని తిరుగుతున్నాను, నాకు పనికొచ్చింది చెప్తాను.

బయల్దేరే ముందు సామానంతా నేల మీద పరిచి మూడు కుప్పలు పెట్టు. పోతే ట్రిప్ అక్కడే ఆగిపోయేవి ఒక కుప్ప. పోతే మనసు కష్టపడేవి రెండోది. పోయినా ఊళ్లో కొనుక్కోగలిగేవి మూడోది. మొదటి కుప్ప చూస్తే ఆశ్చర్యపోతావు, అంత చిన్నగా ఉంటుంది. లైసెన్సు, బండి కాగితాలు, డబ్బు, కార్డు, ఫోను, తాళంచెవి, రోజూ వేసుకునే మందులు. అంతే. అవన్నీ ఒక చిన్న నడుం బ్యాగులో పడతాయి. ఆ బ్యాగు నీ ఒంటి మీద నుంచి దిగకూడదు. స్నానానికి వెళ్లినా, కాలకృత్యాలకు వెళ్లినా అంతే. స్నానాల గదిలో తడవకుండా నీళ్లు దూరని చిన్న సంచి ఒకటి పెట్టుకో, దాన్ని నీ కళ్లెదుటే కొక్కేనికి తగిలించుకో. తలుపు బయట వద్దు.

అది నీతో ఉన్నంతకాలం మిగతాదంతా పోయినా ఇంటికి చేరగలవు. నాకు నిద్ర పట్టించింది ఆ ఒక్క ధైర్యమే, తాళాలు కాదు. అయినా క్యాంపుల్లో తిరిగేవాళ్లు ఒకరి సామాను ఒకరు ముట్టుకోరు. వాడిన బట్టలు, మసిపట్టిన స్టవ్వు ఎవరిక్కావాలి?


రెంచీ_పెట్టె — శుక్రవారం, రాత్రి 11:03

గొలుసు గురించి నేను చెప్తాను, ఆ పని మీద చాలాకాలం ఉన్నాను.

చేత్తో నొక్కే బోల్ట్ కట్టర్‌కి పలచటి గొలుసులు, సన్న కేబుళ్లు నిమిషం పట్టవు. బాగా గట్టిపరిచిన ఉక్కు, పదహారు మిల్లీమీటర్ల మందం కడియాలు ఉంటే చేతి కట్టర్ లొంగదీయలేదు. కానీ ఆ గొలుసు మీటరుకు ఐదు కిలోలకు పైమాటే! పది రోజుల ట్రిప్‌లో ఐదు కిలోలంటే నీ టెంట్, స్లీపింగ్ బ్యాగు కలిపినంత బరువు. అది ఇంటి దగ్గర పార్కింగ్‌కి సరే, క్యాంపింగ్‌కి కాదని నా అభిప్రాయం. పైగా బ్యాటరీతో నడిచే, ఉక్కుని కోసే గ్రైండర్ తెచ్చినవాడి ముందు ఏ గొలుసైనా ఎంతసేపు ఆపుతుందన్నదే లెక్క, పూర్తిగా ఆపేది లేదు.

మధ్యస్తంగా ఒక మంచి డిస్క్ లాక్ (చక్రం బ్రేక్ డిస్క్‌కి వేసే తాళం), దానితో పాటు పది, పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పొట్టి గొలుసు తీసుకో. రేటింగ్ చూసి కొను. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను పరీక్షించి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తుంది. ఏ రేటింగూ లేని తాళం మీద "హెవీ డ్యూటీ" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నేను నమ్మను. గొట్టంలా గుండ్రంగా ఉండే తాళంచెవి రకం కొన్ని 2004లో మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరుచుకున్నాయి. అప్పట్లో పెద్ద గొడవైంది, కంపెనీలు తాళాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. చూడ్డానికి అవీ దిట్టంగానే ఉండేవి.

గొలుసు వేసే పద్ధతి కూడా ముఖ్యం. ముందు చక్రానికి ఒక్కదానికే వేస్తే చక్రం విప్పి బండి పట్టుకుపోవచ్చు. ఫ్రేమ్‌లోంచి గానీ, వెనక చక్రం, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ రెండూ కలిసేలా గానీ వేయాలి. గొలుసు నేలకు ఆనకూడదు. నేల మీద ఉంటే కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కుతారు, లేదా సుత్తితో కొడతారు. గాల్లో వేలాడే గొలుసు మీద ఆ బలం పనిచేయదు.

ఇంకొక్కటి. గొలుసును వీపు బ్యాగులో మాత్రం పెట్టుకోవద్దు. పడితే అది నేరుగా వెన్నుపూస మీద పడుతుంది. సాడిల్ బ్యాగు అడుగున పెట్టు.


గుడారం22 — శనివారం, ఉదయం 6:50

టెంట్ జిప్పుకి చిన్న తాళం వేసేవాళ్లున్నారు. దయచేసి వేయొద్దు. బయటి నుంచి చూసేవాడికి "లోపల విలువైనది ఉంది" అని చెప్పినట్టు అవుతుంది. గుడ్డని బ్లేడుతో కోస్తే అయిపోయె. అప్పుడు సామానూ పోతుంది, వానలో పడుకోవడానికి టెంటూ ఉండదు. రాత్రి లోపలి నుంచి తాళం వేసుకుంటే ఇంకా ప్రమాదం. మంట అంటుకుంటే చీకట్లో తాళంచెవి వెతుక్కుంటూ ఉంటారు.


వానమబ్బు — శనివారం, ఉదయం 8:21

మట్టిదారి గారూ, మూడు కుప్పల మాట చాలా బాగుంది. కానీ "క్యాంపుల్లో ఎవరూ ముట్టుకోరు, వాడిన బట్టలు ఎవరిక్కావాలి" అన్నది మాత్రం ఒప్పుకోలేను. సరిగ్గా ఇదే మాట విని నేను నష్టపోయాను.

రాత్రి కూడా కాదు, సాయంత్రం ఐదింటికి. జనం తిరుగుతూనే ఉన్నారు. అప్పుడే చేరాను, టెంట్ ఇంకా వేయలేదు. ఒళ్లంతా దుమ్ము, ముందు స్నానం చేసి వద్దామని వెళ్లాను. ఇరవై నిమిషాలు. తిరిగి వచ్చేసరికి వెనక సీటు మీద బ్యాగు లేదు. బంజీ తాళ్లు రెండూ క్యారియర్‌కే ఉన్నాయి, కొక్కేలు ఒకదానికొకటి తగిలించి, నేనే సర్దిపెట్టినంత నీట్‌గా. కోయలేదు, తెంపలేదు. ఎవరో తీరిగ్గా విప్పి, బ్యాగు తీసుకుని, తాళ్లు మళ్లీ తగిలించి వెళ్లారు. చుట్టూ చూసినవాళ్లు అది వాళ్ల బండే అనుకుని ఉంటారు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ కొక్కేలే కనిపిస్తాయి.

అందులో డబ్బు చేసేది ఏమీ లేదు. స్లీపింగ్ బ్యాగు, మార్చుకునే బట్టలు, మూడేళ్లుగా ప్రతి ట్రిప్‌లో రాసుకున్న నోట్‌బుక్. తీసినవాడికి అది తెలియదు కదా! వాడు తీసుకెళ్లింది బ్యాగుని, లోపల ఏముందో తర్వాత చూసుకుంటాడు. పనికిరానివని ఎక్కడో పారేసి ఉంటాడు. ఆ రాత్రి రైడింగ్ జాకెట్, వాన ప్యాంటు వేసుకుని, కాళ్లు ఖాళీ సాడిల్ బ్యాగులో పెట్టుకుని పడుకున్నాను. మర్నాడు ఇంటికి తిరిగొచ్చేశాను. నోట్‌బుక్ గురించి ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

అప్పటి నుంచి చేసేది చెప్తాను. చేరగానే ముందు టెంట్, తర్వాతే ఏదైనా. విప్పగలిగే ప్రతి బ్యాగూ టెంట్ లోపలికి. టెంట్ తాళం కాదని నాకూ తెలుసు, కానీ కంటికి కనిపించకపోవడమే సగం కాపలా. సాడిల్ బ్యాగుల్లో ఏమీ లేకపోతే మూతలు తెరిచి వదిలేస్తాను, ఖాళీ అని చూసేవాళ్లకు తెలియాలి. దారి పక్కన కాకుండా, పిల్లలున్న కుటుంబం పక్కన చోటు చూసుకుంటాను. వెళ్లి నాలుగు మాటలు మాట్లాడతాను, "రెండు గంటల్లో వస్తాను, బండి కాస్త చూస్తుండండి" అని అడుగుతాను. అడిగినప్పుడు కాదన్నవాళ్లు ఇంతవరకు లేరు. ఆడవాళ్లకు ఒక మాట: ఒక్కదాన్నే వచ్చానని మాత్రం ఎవరికీ చెప్పను. ఇంకొకరు వెనక వస్తున్నారనే చెప్తాను.


మట్టిదారి — శనివారం, ఉదయం 9:05

వానమబ్బు గారూ, మీరు చెప్పింది చదివాక నా మాట తొందరపాటని తెలిసింది. నాకు జరగలేదు కాబట్టి జరగదని అనేశాను. క్షమించండి. "వాడు తీసుకెళ్లింది బ్యాగుని" అన్నది నేను ఎప్పుడూ ఆలోచించని విషయం. నోట్‌బుక్ విషయం చాలా బాధేసింది. నేనైతే ఇకపై రోజూ రాసిన పేజీ ఫోటో తీసి పెట్టుకుంటాను.

ఒక్క మాట మాత్రం అనుభవం మీద చెప్తాను. టెంట్ వేసుకున్న రాత్రి కన్నా, దారిలో ఆగిన చోట్లే ఎక్కువ జాగ్రత్త కావాలి. సామాన్లు నిండుగా కట్టిన బండిని రద్దీ వీధిలో ఆపి తినడానికి లోపలికి వెళ్తాం చూడండి, అదీ అసలు సమయం. కిటికీలోంచి బండి కనిపించే చోటే నేను ఆగుతాను. కనిపించకపోతే ఇంకో చోటు చూసుకుంటాను, ఎంత ఆకలిగా ఉన్నా.


ఒంటరిచక్రం — శనివారం, ఉదయం 10:30

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. చాలా బాధనిపించింది. ట్యాంక్ బ్యాగు, వెనక బ్యాగు రెండూ టెంట్‌లోకి వెళ్లిపోతాయి, ఇది ఖాయం. సాడిల్ బ్యాగులు మాత్రం సీటు కింద పట్టీలతో బిగించి ఉంటాయి, రోజూ విప్పి కట్టడం కష్టం. వాటికేం చేయొచ్చు? హెల్మెట్, జాకెట్ సంగతేంటి?


రెంచీ_పెట్టె — శనివారం, ఉదయం 11:12

సాడిల్ బ్యాగులు విప్పొద్దు. లోపల విడి సంచులు పెట్టుకో, సాయంత్రం సంచి ఒక్కటే లాగేసి టెంట్‌లోకి తీసుకెళ్లొచ్చు. బ్యాగులో మిగలాల్సింది పనిముట్లు, పంక్చర్ సామాను, వాన బట్టలు. పిడుల్లోంచి రెండు మీటర్ల సన్న స్టీల్ కేబుల్ దూర్చి ఫ్రేమ్‌కి కలిపి తాళం వెయ్. ఆ కేబుల్ కట్టర్‌కి ఆగదని పైన నేనే రాశాను. అయినా దాని ఉపయోగం దానికుంది. కట్టర్ పట్టుకుని తిరిగేవాడు వేరు, నడుస్తూ నడుస్తూ చేతికి అందింది పట్టుకుపోయేవాడు వేరు. కేబుల్ రెండోవాడి కోసం. అదే కేబుల్‌ని జాకెట్ చేతుల్లోంచి, హెల్మెట్ గడ్డం దగ్గరి ఖాళీలోంచి కూడా తీయొచ్చు. హెల్మెట్ పట్టీ ఉన్న రింగుకి మాత్రం తాళం వేయొద్దు. పట్టీని చాకుతో కోసేస్తారు, తర్వాత వాళ్లు వదిలేసి పోయినా ఆ హెల్మెట్ నీకు పనికిరాదు.

అల్యూమినియం పెట్టెలు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండొద్దు. మూత తాళం గట్టిదే ఉంటుంది, పెట్టెని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కొక్కెం బలహీనంగా ఉంటుంది. పెట్టె పెట్టెగానే ఊడదీసుకెళ్తారు. కొనేటప్పుడు ఆ కొక్కెం పట్టుకుని గట్టిగా ఊపి చూడండి.

డిస్క్ లాక్‌తో పాటు వచ్చే పసుపురంగు చుట్టల తాడుని పారేయొద్దు. ఒక చివర తాళానికి, ఇంకో చివర హ్యాండిల్‌కి. తాళం తీయడం మర్చిపోయి బండి కదిపితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపే తాళం కాలిపర్‌కి (బ్రేక్ డిస్క్‌ని నొక్కే భాగానికి) కొట్టుకుని బండి పక్కకి పడుతుంది. సామానుతో ఉన్న బండిని ఎత్తడం ఒక్కరి వల్ల కాదు.


చలిమంట — శనివారం, మధ్యాహ్నం 1:40

నేను రాత్రి టెంట్ తాడు ఒకటి బండి చక్రానికి కడతాను. ఎవరైనా బండి కదిపితే టెంట్ ఊగుతుంది, లేస్తాను. ఖర్చు లేని అలారం. బండిని టెంట్‌కి ఆనుకున్నట్టే పెడతాను.


రెంచీ_పెట్టె — శనివారం, మధ్యాహ్నం 2:05

చలిమంట, దయచేసి ఆనించి పెట్టొద్దు. దొంగ కన్నా పెద్ద ప్రమాదం అది. వివరంగా చెప్తాను.

సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు వాలి ఉంటుంది. రాత్రి వాన పడి నేల మెత్తబడితే స్టాండ్ కాలు మట్టిలోకి దిగుతూ పోతుంది, బండి ఎడమకే పడుతుంది. రెండువందల కిలోల బండి, మీరు నిద్రలో ఉన్న చోట! అందుకే టెంట్ ఎప్పుడూ బండికి కుడివైపు ఉండాలి. గాలి ఎడమ నుంచి గట్టిగా కొడితే కుడికీ పడొచ్చు కాబట్టి మధ్యలో కనీసం రెండు మీటర్లు వదలాలి. స్టాండ్ కింద చదునైన రాయో, చెక్కముక్కో పెట్టండి. నేల వాలుగా ఉంటే బండి ముఖం ఎగువ వైపు, ఫస్ట్ గేర్‌లో. దిగువ వైపు ఉంటే ముందుకు జారి స్టాండ్ మడతపడిపోతుంది. హ్యాండిల్ ఎడమకు తిప్పి లాక్ చేయండి. అప్పుడే వచ్చి ఆపినప్పుడైతే సైలెన్సర్ వేడికి టెంట్ గుడ్డ ఇట్టే కరుగుతుంది, అదొకటి.

తాడు ఐడియా మంచిదే. కానీ టెంట్ తాడు వద్దు, బండి పడితే టెంట్‌ని లాక్కుపోతుంది. సన్నటి దారం ఒకటి చక్రం నుంచి తెచ్చి, టెంట్ వరండాలో పెట్టిన గిన్నె పిడికి కట్టండి. కదిలితే గిన్నె దొర్లుతుంది. గట్టిగా లాగితే దారమే తెగుతుంది. దారం మనుషులు నడిచే దారికి అడ్డం రాకూడదు సుమా.


చలిమంట — శనివారం, మధ్యాహ్నం 2:31

నాలుగేళ్లుగా ఎడమవైపే పడుకుంటున్నానండీ. ఈ రోజు నుంచి మార్చేస్తాను. చాలా థాంక్స్.


సిగ్నల్_దొరికింది — శనివారం, రాత్రి 8:18

బండి ఎక్కడుందో చెప్పే ట్రాకర్ల గురించి ఎవరూ రాయలేదు. ఎయిర్‌ట్యాగ్ లాంటివి 2021 నుంచి చాలామంది బండ్లలో దాస్తున్నారు. చవక, చిన్నవి, నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీతో ఏడాది దాకా నడుస్తాయి. కానీ అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకుని పెట్టుకోండి. వాటిలో జీపీఎస్ లేదు. చుట్టుపక్కల ఉన్న ఇతరుల ఫోన్లు బ్లూటూత్‌తో పసిగట్టి చెప్తేనే మనకు ఎక్కడుందో తెలుస్తుంది. జనం లేని అడవి చివర అది మౌనంగా ఉంటుంది. పైగా ఎవరికీ తెలియకుండా మనుషుల్ని వెంటాడటానికి వాడకూడదని, మీది కాని ట్యాగ్ మీతో పాటు కదులుతోందని ఫోన్‌కి హెచ్చరిక వస్తుంది. 2024 మే నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ ఈ ఏర్పాటు ఉంది. అంటే దొంగ ఫోన్‌కి కూడా వస్తుంది.

సిమ్ వేసే జీపీఎస్ ట్రాకర్ నేరుగా చెప్తుంది, కానీ దానికీ మొబైల్ సిగ్నల్ ఉండాలి. బండి బ్యాటరీకి కలిపితే రోజుల తరబడి ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ దిగిపోతుంది, చూసుకోండి.

ఏది పెట్టినా, బండి ఎక్కడుందో కనిపించగానే ఒక్కరే వెళ్లకండి. పోలీసులకు చూపించి వాళ్లతో వెళ్లండి. బండి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.


గుడారం22 — శనివారం, రాత్రి 9:00

ఫోన్! నేను చూసినంతలో క్యాంపుల్లో ఎక్కువగా పోయేది ఫోనే. స్నానాల గదుల దగ్గర ప్లగ్‌లో చార్జింగ్ పెట్టి "పది నిమిషాలే కదా" అని వెళ్తారు. ప్లగ్‌లో పవర్ బ్యాంక్ పెట్టండి, ఫోన్ కాదు. పోయినా పవర్ బ్యాంకే పోతుంది.

బయల్దేరే ముందు *#06# కొట్టి వచ్చే పదిహేను అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), బండి మెడ దగ్గర చెక్కి ఉండే పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు ఇంట్లోవాళ్లకు పంపండి. బ్యాగులన్నీ కట్టాక బండిని నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి. ఫిర్యాదు రాసేటప్పుడు ఏమేం పోయాయో గుర్తు రాదు, ఆ టెన్షన్‌లో అసలు రాదు. బీమా కాగితం కూడా ఒకసారి చదవండి. చాలా పాలసీలు బండికే గానీ దాని మీద కట్టిన సామానుకు వర్తించవు.


వానమబ్బు — శనివారం, రాత్రి 9:26

ఇది నిజం. నాకు బీమా నుంచి ఏమీ రాలేదు, సామానుకు వర్తించదన్నారు. ముందే చదివి ఉంటే కనీసం ఆశ పెట్టుకునేదాన్ని కాదు.

స్పేర్ తాళంచెవి కూడా చెప్పాలి. రెండూ ఒకే గుత్తిలో ఉంటే ఒకటే ఉన్నట్టు. ఇద్దరు కలిసి వెళ్తే నా స్పేర్ మీ దగ్గర, మీది నా దగ్గర. ఒంటరిగా అయితే, పనిముట్లు వాడితే తప్ప చేయి చేరని చోట టేప్ చుట్టి దాచండి. సీటు కింద వద్దు, సీటు తెరవడానికి ఆ తాళంచెవే కావాలి.


ఒంటరిచక్రం — మంగళవారం, రాత్రి 10:50 (ఐదు వారాల తర్వాత)

నిన్న రాత్రి ఇంటికి చేరాను. అందరికీ చెప్పాలని ముందు ఇక్కడికే వచ్చాను.

నడుం బ్యాగు పది రోజులూ ఒంటి మీదే ఉంది. గొలుసు కొనలేదు. డిస్క్ లాక్, కేబుల్, దారం. టెంట్ ప్రతిసారీ కుడివైపే వేశాను. ఆరో రోజు రాత్రి వాన పడి, తెల్లారి చూస్తే స్టాండ్ కింద పెట్టిన చెక్కముక్క సగం మట్టిలోకి దిగి ఉంది. చెక్క లేకపోతే బండి పడేదే. రెంచీ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

మూడో రాత్రి గిన్నె దొర్లింది. గుండె ఆగినంత పనైంది. లైట్ వేసి బయటికి వస్తే ఒక కుక్క, నోట్లో నా ఎడమకాలి బూటు. దారం దాని కాలికి చుట్టుకుంది. మెల్లగా పిలిచి బూటు తీసుకుని, దారం విప్పి పంపించాను. బూట్లు బయట పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను, అవీ లోపలికే. ఒక బూటు లేకుండా గేర్ మార్చడం ఎలాగో ఊహించండి.

తిరుగు ప్రయాణంలో ఆ జలపాతం దగ్గరే ఆగాను. పక్క టెంట్‌లో పెద్దాయన, ఆయన భార్య. అక్క చెప్పినట్టు వెళ్లి అడిగాను. "వెళ్లిరా బాబూ, మేం ఎక్కడికీ పోం" అన్నారు, కుర్చీలు నా బండి వైపు తిప్పుకుని కూర్చున్నారు. నాలుగు కిలోమీటర్లు నడిచాను. మధ్యలో రెండుసార్లు వెనక్కి చూశాను, అబద్ధం చెప్పను. కానీ ఆగలేదు. గంటన్నర నీళ్ల దగ్గరే కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది, వాళ్లిద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.


వానమబ్బు — మంగళవారం, రాత్రి 11:14

జలపాతం ఫోటో పెట్టు తమ్ముడూ.